తిట్టడం మానేసిన శెట్టెమ్మ

"మీకు గానీ, మీ దగ్గరి బంధువుల్లో గానీ, ఆపరేషన్ అయినాక మనిషి తికమకపడటం, మతిమరుపు రావడం లాంటిది ఎవరికైనా జరిగిందా సార్?"

పోయిన నెల నంద్యాలలో నా హెర్నియా ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఇది. చిన్నపిల్ల. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు ఉంటుంది. అప్పటికే బీపీ, షుగరు, కట్టుడు పళ్ళు ఉన్నాయా లేవా అన్నీ అడిగి రాసుకుంది. ఇది కూడా ఆ వరసలోనే, తల ఎత్తకుండా అడిగింది.

"మా పెద్దమ్మకు జరిగింది" అన్నాను. ఆమె తల ఎత్తింది.

"ఏం ఆపరేషన్?"

"మోకాళ్ళు."

"తర్వాత తేరుకున్నారా?"

"లేదు."

ఆమె కాగితం మీద ఏదో ఒక్క మాట రాసుకుంది. "దాన్ని బట్టి మత్తు చూసుకుంటాం సార్, భయపడకండి" అని చెప్పి పక్క మంచం దగ్గరికి పోయింది. అడగటానికీ రాసుకోవడానికీ కలిపి ఒక నిమిషం పట్టి ఉంటుంది. అదే నంద్యాలలో, నాలుగేళ్ళ కింద, ఇంకో ఆసుపత్రిలో మా పెద్దమ్మకు ఆ నిమిషం ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వని వాళ్ళలో నేనూ ఉన్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆళ్ళగడ్డ పాత బజారులో ఆమెది మందు దినుసుల అంగడి. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయలు, వస కొమ్ములు, సుగంధిపాల వేర్లు, బాలింతలకు తినిపించే కాయం లేహ్యానికి కావలసినవన్నీ అక్కడ దొరికేవి. ఊరంతా ఆమెను శెట్టెమ్మ అని పిలిచేవాళ్ళు. పెదనాయన ఉన్నప్పుడు కూడా అది శెట్టి అంగడి కాదు, శెట్టెమ్మ అంగడే.

గోడ నిండా రేకు డబ్బాలు. ఒక్కదాని మీద కూడా పేరు ఉండేది కాదు. ఏది ఎక్కడుందో ఆమెకు తెలుసు. తెలిసినా నమ్మేది కాదు. డబ్బా మూత తీసి, చిటికెడు తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, కుడి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. ఎడమ ముక్కు ఎందుకు పనికిరాదో ఎవరికీ తెలియదు. అడిగితే, "అది నిద్రపోతాంటాది" అనేది. వాసన సరిపోయిందనుకుంటే తక్కెడలో వేసేది. చేతిలో మిగిలిన చిటికెడును భుజం మీదుగా వెనక్కి విసిరేది. అట్లా ఏళ్ళ తరబడి విసిరి విసిరి, ఆమె వెనక గోడ నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా గోధుమరంగుకు మారిపోయింది. సున్నం కొట్టించినా మళ్ళీ ఏడాదిలోపల అదే రంగు.

డబ్బా మూత తీయాలంటే ముందు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. "ఎవరికి? ఎన్నాళ్ళ నుంచి? తిండి పోతాందా ల్యాదా?" జవాబు సరిగా చెప్పకపోతే తిట్లు. చెప్పినా తిట్లే. "ఇన్ని దినాలు ఏం చేస్తాంటివి? పండగ చూస్తాంటివా?" అనేది. బజారులో మిగతా అంగళ్ళ వాళ్ళు వచ్చినవాళ్ళను రా అన్నా, కూర్చో అన్నా అని పిలుచుకుంటే, ఈమె అంగడి ముందు జనం తలలు వంచుకుని నిలబడి తిట్లు తిని పోయేవాళ్ళు. మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఒకరోజు నేను అంగట్లో ఉండగా అహోబిలం దారిలోని పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. రొమ్ములో గ్యాసు పట్టింది, వాము ఇవ్వమన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పొద్దున్నించి శెట్టెమ్మా. రవ్వ వాము నమిల్తే పోతాది."

పెద్దమ్మ అతని మొహం వైపు చూసింది. నుదుటి మీద చెమట ఉంది. అది చలికాలం.

"ఎడమ చెయ్యి ఏమన్నా లాగుతాందా?"

"రవ్వ."

"వాము ల్యాదు."

"అదేందమ్మా, డబ్బా అగపడుతాండాది గదా!"

"ఉన్నా నీకు ఇయ్యను. ఏమప్పా, నేను అమ్మేది ఆకులూ వేర్లూ. ఆయుస్సు అమ్ముతాననుకున్యావా? బేగా నంద్యాలకు పో. ఆటో ఎక్కు. నీ జతకు ఎవరూ ల్యాకుంటే ఈడు వస్తాడు" అని నన్ను చూపించింది.

నేను అతన్ని తీసుకుని పోయాను. ఆ మనిషి బతికాడు. తరువాత ఒకసారి అరటిగెల తెచ్చి అంగడి ముందు పెడితే, "ఇదేంది, నేను పండ్ల అంగడి పెట్టినానా?" అని దానికీ తిట్టింది.

మంచిమనిషి అని నేను అనను. కోడలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ పని నేర్చుకుంటానని ఆశపడి డబ్బా ముట్టుకుంటే, అంతమంది ముందర, "నీ ముక్కుకు పౌడరు వాసన తప్ప ఇంగొకటి తెలుస్తాదా?" అంది. ఆ పిల్ల ఆరోజు ఏడ్చి ఇంట్లోకి పోయింది, మళ్ళీ అంగడి మెట్టు ఎక్కలేదు. కొడుకు పక్క గదిలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకుంటే, ఆరు నెలలు వాడితో మాట్లాడలేదు. నంద్యాల డిగ్రీ కాలేజీలో నాకు ఇంగ్లీషు లెక్చరర్ ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పట్టుకుని పోతే, "ఇంగ్లీషు చెప్తావా? ఎవరికి రా అర్థమయ్యేది?" అంది. స్వీటు మాత్రం తింది. ఆ విద్యను ఎవరికీ నేర్పలేదు. తన ముక్కు, తన వేళ్ళు, తన నోరు. ఆ మూడింటి మీదే ఆ అంగడి నడిచింది.

పొద్దున ఏడింటికి చెక్కపలక మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. అట్లా నలభై ఏళ్ళు. మోకాళ్ళు అరిగిపోయి, కాళ్ళు విల్లుల్లాగా వంగిపోయాయి. దూలానికి ఒక తాడు కట్టించుకుంది. లేవాలంటే దాన్ని రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి, "నరసింహా" అని ఒక్క అరుపు అరిచి లేచేది.

ఆపరేషన్ చేయించుకోమని రెండేళ్ళు చెప్పాం. "నడవల్యాకపోతే కూచుంటా. కూచోని చేసే పనే గదా నాది" అనేది.

ఒప్పించింది నేను. ఆ మాట నేను దాచుకోను. మా కాలేజీలో ఒకాయన వాళ్ళ అమ్మకు మోకాళ్ళు మార్పించి, ఆమె మెట్లెక్కుతున్న వీడియో చూపించాడు. దాన్ని నేను ఫోనులో ఎక్కించుకుని ఆళ్ళగడ్డకు పోయి పెద్దమ్మకు చూపించాను. ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు కొడుకు నా దగ్గర చదువుకున్నవాడు. నంద్యాలలో నాకూ ఒక పలుకుబడి ఉందని మావాళ్ళకు చూపించుకోవాలన్న సరదా నాకుంది. ఆ సరదాకు అప్పుడు ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

పెద్దమ్మ కొడుకు, మా అన్న, రెండు మోకాళ్ళూ ఒకేసారి చేయిద్దామన్నాడు. "రెండుసార్లు అంటే రెండుసార్లు అంగడి మూయాలప్పా. ఒకే దెబ్బకు అయిపోతాది" అన్నాడు. డాక్టరు కూడా సరే అన్నాడు. డెబ్బైరెండేళ్ళ మనిషికి అది ఎంత భారమో అడగాలని మా ఇద్దరికీ తట్టలేదు.

ఆసుపత్రిలో డాక్టరు లైటు ముందు ఎక్స్‌రే పట్టుకుని చూస్తూ మాట్లాడుతున్నాడు. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని ఆయన్నే చూస్తోంది.

"నాయనా, మత్తు ఎంతసేపుంటాది?" అని అడిగింది.

"అదంతా మేం చూసుకుంటాం అవ్వా."

"నాకు ఒకసారి దగ్గుకు నిద్రమాత్ర ఇచ్చినారు. రెండు దినాలు యాడుండానో నాకే తెలియల్యా. ఇది అట్ల కాదు గదా?"

"అట్లేం కాదు. నువ్వు టెన్షన్ పడకుండా మాకు వదిలెయ్ అవ్వా" అన్నాడు, ఎక్స్‌రేను ఇంకోవైపు తిప్పుతూ.

పెద్దమ్మ నా వైపు తిరిగి, ఆయనకు వినబడేటట్టే, "నా మొగమన్నా చూడకుండా చెప్తాండాడే అబ్బీ" అంది. డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను.

నర్సు తెచ్చిన కాగితాల మీద సంతకం నేనే పెట్టాను. అన్న కిందికి మందులు తీసుకురావడానికి పోయాడు. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు, సన్నని అక్షరాలు. "ఏం రాసినారు రా దాంట్లో?" అని పెద్దమ్మ అడిగింది. "మామూలే పెద్దమ్మా, అందరికీ ఉండేదే" అన్నాను. నేను మొదటి పేజీ కూడా చదవలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. రెండు మోకాళ్ళకూ కట్లు, కాళ్ళు తిన్నగా, విల్లు వంపు పోయి. రెండోరోజు పొద్దున పెద్దమ్మ నన్ను చూసి పెదనాయన పేరు పెట్టి పిలిచింది. పెదనాయన పోయి అప్పటికి పదిహేనేళ్ళు. గాలిలోంచి ఏదో చిటికెడు తీసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంటోంది. నా చేతిలో పెట్టి, "పొట్లం కట్టు, ఆయప్ప నిలబడుకోనుండాడు" అంది. మధ్యాహ్నానికి చేతి సూది పీకేసుకుంది. రక్తం కారింది. మంచం దిగి అంగడి తెరవాలని చూసింది. ఇద్దరు ఆయాలు వచ్చి, గాజుగుడ్డ చించి, ఆమె రెండు చేతులూ మంచానికి కట్టేశారు.

"కట్టొద్దండీ" అన్నాను.

"ముసిలోళ్ళకు ఇది మామూలే సార్. రెండు రోజుల్లో తగ్గిపోతాది. మీరు బయట కూచోండి" అన్నారు.

నేను బయట కూర్చున్నాను. లోపల పెద్దమ్మ, "నన్ను దొంగలు పట్టుకున్యారు" అని అరుస్తోంది. ఆ అరుపులో తిట్లు కూడా ఉన్నాయి. ఆమె నోట నేను విన్న ఆఖరి తిట్లు అవే.

నాలుగోరోజుకు నెమ్మదించింది. ఆరోరోజు వాకరు పట్టుకుని నడిచింది. వారం దాటాక ఆసుపత్రివాళ్ళు ఫోను పట్టుకుని వచ్చి ఆమె నడవడాన్ని వీడియో తీశారు. ఒక అమ్మాయి పక్కన నిలబడి, "అవ్వా, నొప్పి లేదు, బాగా నడుస్తున్నా అని చెప్పు" అంది. పెద్దమ్మ ఫోను వైపు చూసి, "ఇది ఎవరి పెండ్లి?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ ముక్క తీసేసి, "నొప్పి ల్యాదు. నడుస్తాండా" అన్నంతవరకు ఉంచుకున్నారు.

రెండు నెలలకు అంగడి తెరిచింది. పలక తీసేసి కుర్చీ వేశారు. తాడు కూడా విప్పేశారు. నేను ఆదివారం పోయేసరికి బజారులో అందరూ ఒకటే మాట. "మీ పెద్దమ్మ మెత్తబడిందప్పా. ఒక్క మాట అనడంల్యా. ఏం అడిగితే అది కట్టి ఇస్తాండాది." పక్క బట్టల అంగడాయన, "ఆపరేషన్ మోకాళ్ళకు చేసినారా, నోటికి చేసినారా?" అని జోకు వేశాడు. మాకు కూడా బాగానే అనిపించింది. మనిషికి బాధ తగ్గింది, కోపం తగ్గింది అనుకున్నాం. కోడలు, "ఇన్నాళ్ళకు నన్ను పాపా అని పిలిచింది" అని నాతో సంతోషంగా చెప్పింది. ఆ పిల్ల పేరు పెద్దమ్మకు గుర్తురాక అట్లా పిలుస్తోందని అప్పటికి మాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేనప్పుడు పెద్దమ్మ నన్ను దగ్గరికి రమ్మంది. పక్క గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అబ్బీ, ఒక మాట చెప్తా. వానికి చెప్పొద్దు."

"చెప్పు పెద్దమ్మా."

ఒక డబ్బా మూత తీసి చిటికెడు నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఇదేందో చెప్పు."

"నాకేం తెలుసు పెద్దమ్మా?"

"నాకూ తెలియల్యా." ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. "వాసన వచ్చాంది. అదే వాసన. మా అమ్మ కాలం నించి ఎరిగిన వాసన. పేరు రావడంల్యా. పేరు వస్తే అది దేనికో గుర్తు రావడంల్యా. ఎవరన్నా వస్తే ఏమి అడగల్నో తోచడంల్యా. గమ్మున కట్టిస్తాండా."

నేను చెప్పిన మాట ఇది: "వయసు గదా పెద్దమ్మా. అందరికీ ఉండేదే."

ఆమె డబ్బా మూత పెట్టింది. "నువ్వు గూడా డాక్టరు మాదిరి మాట్లాడతాండావే" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. చేతిలో మిగిలిన చిటికెడును ఏం చేయాలో తెలియక కాసేపు అట్లాగే పట్టుకుని, తరువాత చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది.

నేను ఆ మాట అన్నకు చెప్పేశాను. "నాటకాలప్పా అన్నీ. అంగట్లో కూచోడానికి ఇష్టంల్యాక చెప్తాండాది. వీధిలో ఎవరు పోయినా పలకరిస్తాది, మతి ల్యాదంట!" అన్నాడు. పలకరింపులకు పేర్లు అక్కర్లేదని వాడు గమనించలేదు.

నంద్యాలలో డాక్టరు దగ్గరికి పోయి కూర్చున్నాను. "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు.

"మోకాళ్ళు బాగున్నాయి సార్. మనిషే బాగాలేదు."

"నడుస్తున్నారు కదా?"

"నడుస్తున్నారు."

"మరి?" అన్నాడు. నేను చెప్పింది విని, "ఆ వయసులో మతిమరుపు మామూలే సార్. ఆపరేషన్ కాకపోయినా వచ్చేదే. కావాలంటే నరాల డాక్టరుకు చూపించండి" అన్నాడు. ఆపరేషన్‌కు ముందురోజు దాకా ఆమె రెండు వందల డబ్బాలను పేరు రాయకుండా నడిపిందని చెప్పాను. ఆయన గడియారం చూసుకున్నాడు.

నేను సంతకం పెట్టిన కాగితాల నకలు అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో కూర్చుని చదివాను. మూడో పేజీలో ఉంది. వయసు మళ్ళినవాళ్ళలో మత్తు తరువాత గందరగోళం కలగవచ్చుననీ, జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గవచ్చుననీ, కొందరిలో అది చాలాకాలం నిలిచిపోవచ్చుననీ. మంచి ఇంగ్లీషు. ఒక్క తప్పు లేదు. కింద నా సంతకం. పిల్లలకు ముప్పై ఏళ్ళుగా ఒక పేరా ఇచ్చి, చదివి అర్థం చెప్పమని మార్కులు వేస్తున్నవాణ్ణి నేను. కాగితంలో ఉందని డాక్టరు తప్పుకోవచ్చు. డాక్టరు చెప్పలేదని నేను తప్పుకోవచ్చు. నిద్రమాత్ర సంగతి చెప్పి మరీ అడిగింది ఆమె ఒక్కతే.

నరాల డాక్టరు కొన్ని మాత్రలు రాశాడు. ఆమెను అంగట్లో ఒంటరిగా కూర్చోబెట్టవద్దన్నాడు. అన్న తలూపాడు గానీ, మరుసటి రోజు పొద్దున ఆమె లేచి అంగడి తెరుస్తుంటే అడ్డం పోలేదు. ఆమె కూర్చుంటే వాడికి ఇబ్బంది లేదు. కూర్చోకపోతే ఇంట్లో ఆమెను కనిపెట్టుకుని ఒకరు ఉండాలి.

అట్లా ఉండగానే ఆ బాలింత సంగతి జరిగింది. దగ్గర పల్లె నుంచి ఒక అమ్మ వచ్చి, కూతురు పురుడై తొమ్మిది రోజులైందనీ, చలీ జ్వరం వస్తోందనీ, కాయం దినుసులు కావాలనీ అడిగింది. పెద్దమ్మ ఏమీ అడగలేదు. డబ్బాలు తీసి పొట్లాలు కట్టి ఇచ్చింది. దినుసుల్లో తప్పు లేదు, అన్నీ సరైనవే. వాళ్ళు నాలుగు రోజులు కాయం తినిపించుకుంటూ జ్వరం దిగుతుందని చూశారు. ఐదోరోజు ఆ పిల్లకు స్పృహ తప్పితే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. గర్భసంచి తీసేస్తే గానీ బతకలేదు. ఇరవై ఏళ్ళ పిల్ల.

నెల తరువాత ఆ పిల్ల భర్త అంగడి ముందుకు వచ్చాడు. ఆరోజు నేను అక్కడే ఉన్నాను. అరుస్తాడనుకున్నాం. అన్న అడ్డం పోయి, "మా అమ్మ ఇచ్చిన దినుసుల్లో ఏం తప్పుండాదో చెప్పు" అన్నాడు.

"తప్పేం ల్యాదన్నా" అన్నాడు ఆ మనిషి. అన్నను దాటి పెద్దమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "శెట్టెమ్మా, మా యమ్మ పురిట్లో జొరమొస్తే నువ్వే గదా తిట్టి నంద్యాలకు తోలినావు. ఊర్లో అందరికీ తెలుసు. శెట్టెమ్మ గమ్మున కట్టిచ్చిందంటే బయం ల్యాదు అనుకున్యాం. తిట్టింటే పోయిందుము గదమ్మా. యాల తిట్టల్యా?"

పెద్దమ్మ అతన్ని చూసింది. ఏదో జరిగిందని, అది తన వల్లనని ఆమెకు అర్థమైంది. ఏం జరిగిందో మాత్రం అందడం లేదు. "కుచ్చో నాయనా, నీళ్ళు తాగుతావా?" అంది. ఆ మనిషి అక్కడే మెట్టు మీద కూలబడి తలపట్టుకున్నాడు.

ఆ వారమే అన్న అంగడి ఖాళీ చేశాడు. డబ్బాల్లోని దినుసులన్నీ గోతాలకెత్తి మునిసిపాలిటీ బండికి వేశాడు. ఎవరికైనా ఇద్దామంటే ఏది ఏమిటో చెప్పేవాళ్ళు లేరు. గోడకు రంగు వేయించి, ఫోను కవర్లు వేలాడదీశాడు.

ఇక పెద్దమ్మకు నడక మిగిలింది. మోకాళ్ళు నిజంగానే అద్భుతంగా పనిచేశాయి. పొద్దున లేచి బజారుకు వచ్చి, ఫోను కవర్ల అంగడి ముందు నిలబడి, ఇది కాదనుకుని ముందుకు పోయేది. ఎవరో ఒకరు వెనక్కి తీసుకొచ్చేవాళ్ళు. అర్ధగంటకు మళ్ళీ పోయేది. మోకాళ్ళ నొప్పులున్న ఆడవాళ్ళు ఆమెను చూసి, "అదృష్టవంతురాలు" అనేవాళ్ళు.

ఒకరోజు కాలేజీలో ఉండగా నాకు ఆ ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మీ పెద్దమ్మగారు ఇక్కడున్నారు, రమ్మన్నారు. ఆళ్ళగడ్డలో ఆమే బస్సెక్కి, నంద్యాలలో దిగి, ఎట్లా కనుక్కుందో ఏమో, అంత దూరం నడిచి వచ్చింది. నేను పోయేసరికి బయటి హాల్లో కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉంది. ఎదురుగా గోడ మీద టీవీ. ఆసుపత్రిలో బాగుపడినవాళ్ళ వీడియోలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

"ఎందుకొచ్చినావు పెద్దమ్మా?"

"నేను ఈడ ఏదో పెట్టి మర్చిపోయినా అబ్బీ. తీసకపోదామని వచ్చినా. ఆ పాపను అడిగితే ఏం వస్తువు అంటాది. ఏం వస్తువో గుర్తు రావడంల్యా."

నేను పక్కన కూర్చున్నాను. అప్పుడే టీవీలో ఆమె వచ్చింది. అదే చీర. "నొప్పి ల్యాదు. నడుస్తాండా." పెద్దమ్మ ఆసక్తిగా చూసింది.

"ఎవురో ఆయమ్మ, శానా బాగా నడుస్తాండాది సూడు" అంది.

ఆ వీడియో తీసేయమని నేను ఆరోజు పోట్లాడాను. తీస్తామన్నారు. తీశారో లేదో మళ్ళీ పోయి చూడలేదు.

ఆ తరువాత రోజుకు పది పదిహేనుసార్లు నాకు ఫోను చేసేది. కోడలు నంబరు కలిపి ఇచ్చేది. "అబ్బీ, నన్ను ఇంటికి ఎప్పుడు తీసకపోతావు?" తన ఇంట్లో, తన మంచం మీద కూర్చునే అడిగేది. మొదట్లో, "నువ్వు ఇంట్లోనే ఉన్నావు పెద్దమ్మా" అనేవాణ్ణి. తరువాత, "రేపు" అనేవాణ్ణి. తరువాత ఫోను తీయడం మానేశాను. క్లాసులు, పరీక్ష పేపర్లు అని నాకు నేను చెప్పుకున్నాను. కొన్నాళ్ళకు ఆమె కూడా అడగడం మానేసింది. నా పేరు కూడా మరిచిపోయిందని కోడలు చెప్పింది.

పోయిన వానాకాలం జ్వరం వచ్చింది. మింగడం మరిచిపోయింది. అన్నం నోట్లో పెట్టుకుని అట్లాగే కూర్చునేది. తొమ్మిదో రోజు పొద్దున, కోడలు తల దువ్వుతుండగా, ప్రాణం పోయింది. ఆ చివరి ఏడాది ఆమెకు స్నానం చేయించిందీ, తినిపించిందీ, వెంట నడిచిందీ ఆ పిల్లే. పౌడరు వాసన తప్ప ఇంకోటి తెలియదనిపించుకున్న ఆ పిల్ల, శవం ముందు కూర్చుని అందరికంటే ఎక్కువ ఏడ్చింది. వచ్చిన బంధువులు మాత్రం, "పెద్ద వయసు, నడుస్తానే పోయింది, మంచం పట్టల్యా" అని చెప్పుకున్నారు.

మరునాడు పొద్దున అస్థికలు ఏరడానికి శ్మశానానికి పోయాం. కాటికాపరి నీళ్ళు చల్లి, బూడిదను కర్రతో కదిలించి, ఒకచోట ఆగాడు. కర్ర గట్టిగా దేనికో తగిలింది. వంగి బూడిద పక్కకు తోశాడు. రెండు లోహపు మోకీళ్ళు. నల్లగా మసిబారాయి గానీ వంపు వంపుగా అట్లాగే ఉన్నాయి.

"ఇవేం చేయల్నప్పా?" అని అడిగాడు.

పురోహితుడి వైపు చూశాం. "కుండలో ఎముకే వేయాలి. అది వేయకూడదు" అన్నాడు.

అన్న చాలాసేపు వాటినే చూశాడు. "ఇరవై ఏండ్లు ఏం కాదని చెప్పినారు రా వీటికి" అన్నాడు. అని, అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు రానివాడు, బూడిద పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేను వాణ్ణి లేవదీయలేదు. వాడి మీద చెయ్యి వేసే అర్హత నాకుందని అనిపించలేదు.

ఎముకలు ఏరి కుండలో వేసుకున్నాం. మూతికి గుడ్డ కట్టాం. అవి రెండూ బూడిదలో చెక్కుచెదరకుండా అట్లాగే ఉన్నాయి.